మోనోమ్ గ్రిడ్‌తో మార్ఫజీన్: తకిట తకధిమి ముక్కలు చేసి చూశా

ముందు ఇది వినండి... విన్నారుగా, అది నా గొంతే అండి. తకిట తకధిమి తకిట అని నోటితో చెప్పి మేక్ నాయిస్ కంపెనీ వాళ్ల మార్ఫజీన్ అనే, సౌండ్ రికార్డ్ చేసి ముక్కలుగా పలికించే సింథ్ మాడ్యూల్‌లోకి రికార్డ్ చేశా, అక్షరం మారే చోటల్లా ముక్క కోసే స్ప్లైస్ బటన్ నొక్కా, 10 అక్షరాలు 10 ముక్కలయ్యాయి, ఇప్పుడు ఏ ముక్క ఎప్పుడు పలకాలో ఈ మోనోమ్ గ్రిడ్ అనే బటన్ల పలక చెప్తోంది.

మార్ఫజీన్ 2017లో వచ్చింది, ఒక రీల్‌లో, అంటే ఒక రికార్డింగ్‌లో, దాదాపు 2.9 నిమిషాల సౌండ్, 300 దాకా ముక్కలు పడతాయి. కానీ ఏ ముక్క పలకాలో ఎంచడానికి అన్నిటికీ కలిపి ఉన్నది ఒక్క ఆర్గనైజ్ నాబ్, మధ్యలో పాట నడుస్తుంటే చేత్తో తిప్పి సరిగ్గా "ధి" దగ్గర ఆపడం అయ్యే పని కాదు.

అందుకే గ్రిడ్. 16 అడ్డం 8 నిలువు, 128 బటన్లు, మీద ఒక్క అక్షరం రాసుండదు, స్క్రీన్ లేదు, లైట్ ఎంత వెలిగిందో చూసి అర్థం చేసుకోవాలి. దీన్ని యూఎస్‌బీతో ఆన్సిబుల్ అనే మాడ్యూల్‌కి పెడతాం, అందులో క్రియా అని సీక్వెన్సర్, అంటే స్వరాల్ని స్టెప్పు స్టెప్పుగా నడిపే ప్రోగ్రామ్, ఉంటుంది, 4 ట్రిగ్గర్లు (ఇప్పుడు పలుకు అని చెప్పే సిగ్నళ్లు), 4 సీవీలు (ఏది పలకాలో చెప్పే కంట్రోల్ వోల్టేజీలు) బయటికిస్తుంది. ట్రిగ్గర్ తీసి ప్లే ఇన్‌పుట్‌కి, సీవీ తీసి ఆర్గనైజ్‌కి, అంతే, రెండు కేబుళ్లు.

ఇక్కడే అసలు విషయం, జాగ్రత్తగా వినండి. ఆర్గనైజ్ సీవీ 0 నుంచి 5 వోల్టులు, 10 ముక్కలకి పంచితే ఒక్కోదానికి అర వోల్టు. క్రియా పంపేది స్వరాలు, ఆక్టేవ్‌కి, అంటే 12 సెమీటోన్లకి (స్వరస్థానాలకి), ఒక వోల్టు, అంటే అర వోల్టు అంటే 6 సెమీటోన్లు. అందుకని స్కేల్ పేజీలో వరసకీ వరసకీ మధ్య 6 సెమీటోన్లు పెట్టేశా! ఇప్పుడు నోట్ పేజీలో కింద నుంచి పైకి 7 వరసలు త, కి, ట, త, క, ధి, మి. మిగతా మూడూ కావాలంటే ఆక్టేవ్ పేజీలో పెంచండి, ఒకటి పెంచితే రెండు ముక్కలు ముందుకెళ్తుంది, చివరి ముక్కకి మాత్రం రెండు పెంచాలి. ముక్క సరిహద్దు మీద పడి తడబడకుండా ఆర్గనైజ్ నాబ్ ఒక్క రవ్వ పైకి తిప్పి ఉంచండి.

అయితే ఒకటి, బటన్ నొక్కగానే ఆ ముక్క పలకాలి అనుకునేవాళ్లకి ఇది కాదు, వాళ్లకి గ్రిడ్‌తో మొదట్నుంచీ పేరున్న, సౌండ్ ముక్కల్ని బటన్లతో పలికించే ఎమ్ఎల్ఆర్ అనే కంప్యూటర్ ప్రోగ్రామే కరెక్ట్. బటన్లకి గట్టిగా నొక్కామా మెల్లగా నొక్కామా కూడా తెలీదు. రికార్డింగ్, స్ప్లైస్ కొట్టడం కూడా మార్ఫజీన్ దగ్గరికే వెళ్లి చెయ్యాలి.

కానీ వరసలు కట్టడం, మధ్యలో మార్చడం ఇష్టమైతే నాకు దీనికి మించింది కనిపించలేదు, ఎందుకంటే క్రియాలో నోట్ లూప్ పొడవు వేరు, ట్రిగ్గర్ లూప్ పొడవు వేరు పెట్టుకోవచ్చు. ఇదిగో నోట్లకి 7, ట్రిగ్గర్లకి 5, మళ్లీ రెండూ కలిసేది 35 స్టెప్పుల తర్వాతే. మాట్లాడకుండా మొత్తం వినిపిస్తా, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.