జాఫ్నాలో ‘ఓం’ అంటే ‘అవును’

విద్యార్థులకు, ఉపాధ్యాయులకు నమస్కారం.

యుద్ధం గురించి చెప్పమని పిలిచారు. తుపాకుల గురించి, కాల్పుల గురించి అడగాలని మీలో చాలామందికి ఉంటుంది. నేను ఎక్కువగా భాష గురించి చెబుతాను. శ్రీలంకలో నన్ను అన్నింటికంటే బాధపెట్టింది, అక్కడి వాళ్ల మాటలు నాకు అర్థం కావడమే.

మాది నగరి దగ్గర ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బజారులో అరవం. శ్రీలంక ప్రభుత్వానికి, తమిళ తిరుగుబాటుదారులకు మధ్య పోరు ఆపడానికి 1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. మర్నాటి నుంచే మన సైన్యం ఉత్తరాన తమిళులుండే జాఫ్నా పక్కన పలాలీలో దిగింది. మొదట వెళ్లింది మన సికింద్రాబాద్‌లో ఉండే 54వ డివిజన్. నేనప్పుడు కెప్టెన్‌ని. యుద్ధానికి కాదు, శాంతి కాపాడడానికి వెళుతున్నామన్నారు. నమ్మాను. మా జవాన్లకూ అదే చెప్పాను.

ఆగస్టులో జనం మాకు దండలు వేశారు. అక్కడ ఎటు చూసినా తాటిచెట్లే. ఒక ఇంటి ముందు ముసలావిడ తేగలు ఎండబెడుతూ కనిపించింది. మనం ఉడకబెట్టుకుని తింటాం కదా, వాళ్లు ఎండబెట్టి పిండి కొట్టి, చేపలు వేసి అంబలి లాంటిది కాస్తారు. నేను తమిళంలో పలకరిస్తే ఆవిడ ముఖం వెలిగిపోయింది. “కూర్చో తంబీ” అని, తమ్ముడిని పిలిచినట్టు పిలిచి మంచినీళ్లిచ్చింది. మా వైపు అవునంటే ‘ఆమా’ అంటారు. ఆవిడ ‘ఓం’ అంది. జాఫ్నా తమిళంలో ‘ఓం’ అంటే అవునని అప్పుడే తెలిసింది.

సెప్టెంబర్‌లో జాఫ్నాలోని నల్లూరు గుడి దగ్గర, ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడే ఎల్టీటీఈ (తమిళ పులులు) నాయకుడు తిలీపన్ మన ప్రభుత్వం ముందు డిమాండ్లు పెట్టి, మంచినీళ్లు కూడా ముట్టకుండా నిరాహారదీక్షకు కూర్చున్నాడు. 26న చనిపోయాడు. ఆ జనంలో ఆడవాళ్లు ఏడుస్తూ మమ్మల్ని ఏమంటున్నారో మా వాళ్లలో నాకొక్కడికే తెలిసేది. మా కమాండింగ్ ఆఫీసర్ సాబ్ “ఏమంటున్నారు?” అని అడిగితే సగమే చెప్పాను.

అక్టోబర్ రెండో వారంలో ఎల్టీటీఈతో పోరు మొదలైంది. 11వ తేదీ రాత్రి జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ ప్లటూన్‌లో 30 మంది ఉంటే 29 మంది చనిపోయారు. మిగిలిన ఒక్కడూ పట్టుబడ్డాడు. ఆ వార్త విన్నాక మా కుర్రాళ్లు పెద్దగా మాట్లాడుకోలేదు. మా దగ్గరున్న మ్యాపుల్లో సగం సందులు లేవు. రోడ్డు కింద పాతిన మందుపాతరను, వైరు లాగి ఎక్కడో దూరంగా కూర్చుని పేల్చేవారు. నడిచే ప్రతి అడుగూ టెన్షనే.

అలాంటి ఒక పేలుడులో మా కంపెనీ కుర్రాడు పోయాడు. శ్రీకాకుళం జిల్లా వాడు. పేరు చెప్పను, వాళ్ల వాళ్లు ఇంకా ఉన్నారు. ఆఫీసర్‌గా నేను ఇళ్లకు రాసిన ఉత్తరాలన్నీ హిందీలో, ఇంగ్లిష్‌లో ఉండేవి. తెలుగులో రాసింది అదొక్కటే. “మీ అబ్బాయి ధైర్యంగా పోరాడాడు” అని రాసి కొట్టేశాను. వాడు పోరాడలేదు, నడుస్తున్నాడంతే. చివరికి, ముందురోజు రాత్రి వాడు అమ్మ చేసే ఉలవచారు గురించి మాట్లాడాడని రాశాను. అది నిజం. ఉత్తరాన్ని పోస్ట్‌మాన్ చదివి వినిపించాడని, ఆ తల్లి ఆ ఒక్క వాక్యం మళ్లీ మళ్లీ చదివించుకుందని తర్వాత తెలిసింది.

1990 మార్చి 24న మన ఆఖరి దళం ట్రింకోమలీ నుంచి ఓడెక్కింది. దాదాపు 1,200 మంది తిరిగి రాలేదు. వాళ్ల పేర్లు చెక్కిన స్మారకం కొలంబో పక్కన పార్లమెంటుకు దగ్గర్లో ఉంది. అటు వెళితే తప్పకుండా చూడండి. ఆ యుద్ధంలో చనిపోయిన తమిళ పౌరుల సంగతీ చదవండి. రెండూ తెలుసుకోవాలని ఒక సైనికుడిగా అడుగుతున్నాను.

ఆ ముసలావిడ సంగతి మిగిలింది. 1988 మొదట్లో సోదాలు చేస్తూ ఆ వీధికే వెళ్లాం. గోడ సగం కూలిపోయింది. తేగలు లేవు. ఆవిడ వాకిట్లో నిలబడి ఉంది. మా జవాన్లు లోపల పెట్టెలు తెరుస్తున్నారు.

“అమ్మా, నన్ను గుర్తుపట్టారా?” అన్నాను.

“ఓం” అంది. తంబీ అనలేదు.