గర్భసంచి తీయించుకుంటే నొప్పి పోయిందా?

శ్రోతలకు నమస్కారం.

మా అమ్మ కోరుట్ల దగ్గరి పల్లెలో బీడీలు చేసేది. ఒడిలో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి, పొద్దుగూకేసరికి వెయ్యి బీడీలు. మెడ వంచి కూర్చుంటే మళ్లీ లేచేది పొయ్యి దగ్గరికే. ముప్పై దాటకముందే నడుం నొప్పి పట్టుకుంది. తెల్లబట్ట కూడా అయ్యేది. పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోతే, "సంచికి పుండయింది, తీయకపోతే క్యాన్సర్ అయితది" అన్నారు. భయపడి అప్పు చేశారు. అమ్మకు 33 ఏళ్లప్పుడు గర్భసంచి తీసేశారు. అప్పు, దాని మిత్తి తీరడానికి రెండేళ్లు పట్టింది. నడుం నొప్పి మాత్రం అట్లాగే ఉంది.

ఎట్లా పోతుంది? అది సంచి నొప్పి కాదు, పొద్దంతా వంగి కూర్చున్న నడుం నొప్పి. నేను నర్సునయ్యాకగానీ ఈ సంగతి నాకూ అర్థం కాలేదు.

పరకాల, నర్సంపేట వైపు ఊళ్లలో చాలా ఏళ్లు పనిచేశాను. పత్తి ఏరేవాళ్లు, నాట్లు వేసేవాళ్లు, మిరపకాయలు తెంపేవాళ్లు వచ్చేవారు. "ఎన్ని రోజుల నుంచి ఉందమ్మా" అని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే జవాబు. "ఎప్పటి నుంచో ఉన్నది సిస్టరమ్మా, అలవాటైంది." రోజుల తరబడి ఉన్న జ్వరానికి భయపడతారు, ఏళ్ల తరబడి ఉన్న నొప్పిని లెక్కలోకే తీసుకోరు. ఇక ఓర్చుకోలేనప్పుడు వచ్చి, ఒక్కసారితో పీడ వదలాలంటారు. పిల్లలు పుట్టారు కదా, ఇక సంచి ఎందుకు అని చుట్టుపక్కల వాళ్లూ అంటారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద వందకు ముగ్గురైతే, తెలంగాణలో ఏడుగురికి పైనే. మన ఆడవాళ్ల సంచులకే ఇన్ని జబ్బులు వస్తాయంటే నేను నమ్మను.

తెల్లబట్ట ముదిరి క్యాన్సర్ కాదు. చాలాసార్లు అది ఇన్ఫెక్షన్, మందులతో తగ్గుతుంది. కొన్ని రకాల్లో భర్త కూడా మందులు వాడాలి, లేకపోతే మళ్లీ మళ్లీ వస్తుంది. గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌కు ముఖ్య కారణం హెచ్‌పీవీ అనే వైరస్. 30 దాటినవాళ్లు దానికి పరీక్ష చేయించుకోవాలి, నొప్పి ఉన్నా లేకున్నా. ముట్టు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించినా, భార్యాభర్తలు కలిసిన తర్వాత రక్తం కనిపించినా ఒక్క వారం కూడా ఆగొద్దు.

నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందా? ముందు థైరాయిడ్ పరీక్ష చేయించండి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా అట్లా పోతుంది, దానికి రోజూ పరగడుపున ఒక మాత్ర సరిపోవచ్చు. సంచిలో గడ్డలున్నా అన్నిటికీ ఆపరేషన్ అక్కర్లేదు. ముట్టు ఆగాక చాలా గడ్డలు వాటంతట అవే చిన్నవవుతాయి. రక్తం తగ్గించే మాత్రలున్నాయి, సంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది. క్యాన్సర్ ఉన్నవాళ్లకు, మరీ పెద్ద గడ్డలున్నవాళ్లకు, సంచి బాగా జారినవాళ్లకు ఆపరేషన్ అవసరం కావచ్చు, అది కాదనను. కానీ అది ఆఖరున ఆలోచించాల్సింది.

ఇక నీరసం. కాళ్లు గుంజుతున్నాయి, మెట్లెక్కితే ఆయాసం వస్తోంది అనగానే ఆరెంపీ దగ్గరికి పోయి సెలైన్ బాటిల్ పెట్టించుకుంటారు. ఆ బాటిల్‌లో ఉప్పునీళ్లో గ్లూకోజు నీళ్లో ఉంటాయి, రక్తం పట్టించేది ఏదీ ఉండదు. 2019-21 సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో వందకు 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములు ఉండాలి. ఐరన్ మాత్రలు వేసుకుంటే దొడ్డికి నల్లగా వస్తుందని చాలామంది పదిరోజులకే మానేస్తారు. నల్లగా రావడం మామూలే, మానకండి. మాత్ర వేసుకున్న వెంటనే, అన్నం తిన్న వెంటనే చాయ్ తాగొద్దు, చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది. రక్తం పెరిగాక కూడా డాక్టరు చెప్పినన్ని నెలలు వాడాలి.

40 ఏళ్లలోపు ఆడవాళ్లకు సంచి తీయాలంటే ఆపరేషన్ అవసరమేనని ఇద్దరు డాక్టర్లు రాసివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. కాబట్టి రెండో డాక్టరును అడగడం మొదటి డాక్టరును అవమానించడం కాదు, మీ హక్కు. అండాశయాలు ఉంచుతున్నారా, తీసేస్తున్నారా అనీ అడగండి. చిన్న వయసులో వాటినీ తీసేస్తే ముట్టు ఆగే వయసులో వచ్చే మార్పులు ఒక్కసారిగా వచ్చేస్తాయి, ఎముకలు తొందరగా గుల్లబారతాయి, గుండె జబ్బు భయం పెరుగుతుంది. సంచి ఒక్కటే తీసినా కొందరికి అండాశయాలు ముందుగానే పనిచేయడం మానేస్తాయి.

2023 మార్చి 8న కరీంనగర్‌లో మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమం మంగళవారాలను ఆడవాళ్ల పరీక్షలకే కేటాయించింది. రక్తం, షుగర్, థైరాయిడ్, క్యాన్సర్ పరీక్షలు దాని కిందే వస్తాయి. మీకు దగ్గరలో ఎక్కడ చేస్తున్నారో మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి. ఒంటరిగా వెళ్లడానికి మొహమాటమైతే వదినో, చెల్లెలో, పక్కింటి అక్కో తోడు రానివ్వండి.

మా అమ్మ 56 ఏళ్లప్పుడు బాయి దగ్గర కాలు జారి పడింది. పెద్ద దెబ్బేం కాదు, అయినా మణికట్టు విరిగింది. వరంగల్‌లో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, "అమ్మా, సంచి తీసినప్పుడు అండాశయాలు ఉంచారా" అని అడిగారు. అమ్మ నా ముఖం చూసింది. ఆపరేషన్ కాగితం ఒక్కటీ మా ఇంట్లో లేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఆ ఆపరేషన్ అయి ఉంటే, ఇవాళే బీరువాలో ఆ కాగితాలు వెతకండి. దొరికితే ఒక కవర్లో పెట్టి, వచ్చే మంగళవారం వెంట తీసుకెళ్లండి.