ఉమ్మడి పేపర్ల సవరణ: బోధించేవారి మాట

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, డెల్టా కళాశాలల నుంచి వచ్చిన సహాధ్యాపకులకు నమస్కారం. మధ్యాహ్నంలోగా తేల్చవలసిన సంగతి పెద్దది కనుక నేరుగా విషయానికి వస్తాను.

ఏ శాఖ విద్యార్థి అయినా డిగ్రీలో చదవవలసిన ఉమ్మడి పేపర్లను సవరించడానికి మన అభిప్రాయాలు కోరారు. గతంలోనూ కోరారు. అప్పుడు ప్రశ్నావళి సెలవుల ముందురోజు చేతికందింది, మూడు రోజుల్లో నింపి పంపమన్నారు. రాత్రంతా కూర్చుని నేను రాసిన సూచనల్లో ఒక్కటి కూడా కొత్త సిలబస్‌లో కనబడలేదు, ఎందుకు తీసుకోలేదో చెప్పినవారూ లేరు.

సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు వల్ల, దాన్ని అనుసరించి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2003లో పంపిన ఆరు నెలల పాఠ్యప్రణాళిక వల్ల పర్యావరణ విద్య డిగ్రీలో అందరికీ తప్పనిసరి అయింది. ఆ పేపరును నేను చాలా ఏళ్లు చెప్పాను. ఒక ఏడాది నా తరగతిలో శివారు ఆయకట్టు గ్రామం నుంచి వచ్చిన బీకాం కుర్రాడు ఉండేవాడు. కాలువ నీరు చివరి పొలాలకు అందని రోజుల్లో, సముద్రపు పోటు మురుగు కాలువలోకి ఎగదన్నినప్పుడు, వాళ్ల నాన్న ఆ నీటిని దోసిట పట్టి నాలుక మీద వేసుకుని, దాళ్వా (రబీ వరి) చేలోకి పెట్టవచ్చో లేదో చెప్పేవారట. పక్కనున్న రొయ్యల చెరువు నీరు ఊరి, తమ చేను గట్టు మీద తెల్లగా పేరుకున్న ఉప్పును పొట్లం కట్టి తెచ్చి, నా బల్ల మీద విప్పి చూపించాడు. సెమిస్టర్ పరీక్షలో మాత్రం ఎడారి ఆవరణ వ్యవస్థను వివరించమన్నారు. ఆ పేపరు తప్పాడు.

ఎడారి గురించి చెప్పవద్దని నేను అనడం లేదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ నేలను ఎలా మార్చిందో చరిత్ర అధ్యాపకులు, 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్ వరి) వేయకుండా పంట విరామం ఎందుకు ప్రకటించారో అర్థశాస్త్రం వారు, ఆ ఉప్పు పొట్లంలో ఏముందో రసాయనశాస్త్రం వారు కలిసి చెప్పగల పేపరు ఒక్కటైనా ఉండాలంటున్నాను. ఇప్పుడు ఈ పేపర్లు ఎవరి వర్క్‌లోడ్ తక్కువైతే వారి మెడకు పడుతున్నాయి. వెనుక వరుసల్లో కూర్చున్న యువ అధ్యాపకులారా, ఈ మాట నాకంటే మీకే బాగా తెలుసు. దయచేసి ఈసారి మౌనంగా ఉండకండి.

నేను కోరేవి మూడే. ముసాయిదా కనీసం ఒక నెల మన చేతుల్లో ఉండాలి. ప్రతి ఉమ్మడి పేపరులో మూడో వంతును ఆ కళాశాలకే వదిలి, దానికి క్షేత్ర పరిశీలన పుస్తకం మీద మార్కులు వేయాలి. తిరస్కరించిన ప్రతి సూచనకూ కారణం రాతపూర్వకంగా తెలపాలి.

మీ బల్లల మీద తెల్ల కాగితాలు పెట్టించాను. మీరు చెబుతున్న ఉమ్మడి పేపరులో తీసివేయవలసిన పాఠం ఒకటి, చేర్చవలసిన పాఠం ఒకటి రాయండి. పేరు రాయనక్కర లేదు. భోజనానికి లేచేలోగా నేనే వచ్చి తీసుకుంటాను.