కప్పు గెలిచిన జట్టు ఢిల్లీకి పోయింది: తప్పెవరిది?

[స్టూడియో చర్చ పూర్తి పాఠం. పాల్గొన్నవారు: అభిమానుల సంఘం ప్రతినిధి, ఒక మాజీ ఆటగాడు, క్రీడా వ్యాపార విశ్లేషకుడు, పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే కోచ్. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడినచోట చెవికి అందినంతే రాశాం.]

మోడరేటర్: నమస్కారం. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫుట్‌బాల్ కప్పు ఎత్తిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఇక మనది కాదు. పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ, ఊరు ఢిల్లీ. నలుగురికీ సమానంగా సమయం ఇస్తాను, అది నా మాట. ముందు అభిమానుల తరఫున మీరు చెప్పండమ్మా. సూటిగానే అడుగుతున్నా. ఉప్పల్‌లో ఐపీఎల్ అంటే టికెట్ దొరకదు, గచ్చిబౌలిలో ఫుట్‌బాల్ అంటే కుర్చీలు ఖాళీ. మన క్రికెట్ పిచ్చే కదా ఈ జట్టును మింగింది?

అభిమాని: సార్, క్రికెట్‌ని ఎందుకు లాగుతున్నరు? మేం కప్పు గెలిచిన సీజన్‌ల గచ్చిబౌలిల ఒక్క మ్యాచ్ కూడా కాలేదు. కోవిడ్ అని లీగ్ మొత్తం గోవాల పెట్టిన్రు. అట్ల వరుసగా రెండు సీజన్లు. ఫైనల్‌ల మా గోల్‌కీపర్ కట్టిమని మూడు పెనాల్టీలు ఆపితే మేం టీవీ ముందల కూసొని అరిచినం. మళ్ల ఇంటికొచ్చి ఆడిన మొదటి సీజన్‌ల రెండో స్థానం. ఆ తర్వాతనే జీతాలు ఆగినయ్. 2023-24 మధ్యల విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే బ్యాగులు సర్దుకున్నరు. ఫిఫా కొత్తోళ్లను తీసుకోవద్దని నిషేధం పెట్టింది. 22 మ్యాచులకు ఒక్కటే గెలుపు, ఎనిమిది పాయింట్లు. జనం రాలేదంటే...

మాజీ ఆటగాడు: ఆగమ్మా ఆగు. జీతాలు, నిషేధం, ఇదంతా పైపై ముచ్చట. అసలు మాట నేన్జెప్తా.

అభిమాని: నా మాట ఇంకా కాలేదు సార్.

మాజీ ఆటగాడు: అయిపోతది బిడ్డా, ఒక్క నిమిషం. అరె భాయ్, ఈ టీమ్ ఎక్కడ్నుంచి వచ్చింది? 2019ల పుణె క్లబ్ మూతబడితే ఆ లైసెన్స్ పట్టుకొని ఇక్కడికొచ్చిన్రు. ఇప్పుడు ఢిల్లీకి పట్టుకపోయిన్రు. అద్దెకున్నోడు ఖాళీ చేసి పోతే ఇల్లు పోయిందని ఏడుస్తమా? నేనడిగేది ఒక్కటే. ఆ పదకొండు మందిల హైదరాబాద్ పోరడు ఎంతమంది? గోవా నుంచి లిస్టన్ కొలాసో, యూపీ నుంచి ఆకాశ్ మిశ్రా, సిక్కిం నుంచి ఆశీష్ రాయ్, మణిపూర్ నుంచి యాసిర్. మంచి పోరలే, కాదనను. మన గల్లీ పోరడేడి?

విశ్లేషకుడు: కానీ వాళ్లను తయారు చేసి అమ్మడం కూడా డెవలప్‌మెంటే కదండీ. లిస్టన్ మోహన్ బగాన్‌కి వెళ్లాడు, తర్వాత ఏడాది ఆశీష్ కూడా అక్కడికే, 2023లో ఆకాశ్ ముంబైకి. చిన్న క్లబ్బులు బతికేదే అలా...

మాజీ ఆటగాడు: అమ్ముకునుడు డెవలప్‌మెంటా? అది బేరం!

మోడరేటర్: బాగా అన్నారు, అది బేరం! అదే పిల్లాడు క్రికెటర్ అయ్యుంటే...

అభిమాని: సార్, మళ్లీ!

విశ్లేషకుడు: నన్ను పూర్తి చేయనివ్వండి. అద్దె ఇల్లు అన్నారు గానీ, లీగ్ పద్ధతే అలాంటిది. 2019లోనే ఢిల్లీ డైనమోస్‌ని భువనేశ్వర్ తీసుకెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అన్నారు. అప్పుడు ఢిల్లీ వాళ్లు బాధపడ్డారు, ఇప్పుడు మన వంతు వచ్చింది. క్లబ్ నడపడానికి ఏటా కోట్లు పోతాయి. ఆ పైన జాతీయ ఫుట్‌బాల్ ఫెడరేషన్‌కీ, లీగ్ నడిపే కంపెనీకీ ఒప్పందం 2025 డిసెంబర్ వరకే ఉండింది. ఆ ఏడాది జులైలోనే సీజన్ వాయిదా అన్నారు. అలా ఎప్పుడు మొదలవుతుందో తెలియని లీగ్‌లో ఏ యజమాని డబ్బు పెట్టేవాడు? 2024లో బీసీ జిందాల్ గ్రూప్ వచ్చి కొనకపోతే అసలు జట్టే ఉండేది కాదు.

అభిమాని: కొన్నరు, తీసుకపోయిన్రు. మధ్యల మాకేం జెప్పిన్రు? 2024-25ల పదమూడు జట్లల్ల పన్నెండోది. డిసెంబర్‌ల కోచ్ సింగ్టోను పంపించి రిజర్వ్ జట్టు చూస్తున్న షమీల్ చెంబకత్‌కి ఇచ్చిన్రు. ఆయన కుర్రాళ్లను ఆడిచ్చిండు, బాగనే ఉండె. ఆ పోరలకు ఇంకో రెండేండ్లు ఇచ్చి ఉంటే...

మాజీ ఆటగాడు: రెండేండ్లు కాదమ్మా, డెబ్బై ఏండ్ల ముచ్చట చెప్తా విను. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్! 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు. బొంబాయికి పోయి కొట్టుకొచ్చిన్రు. రహీం సాబ్ కోచింగ్. అదే రహీం సాబ్ ఇండియాకు 51లో, 62లో ఆసియా క్రీడల బంగారం తెచ్చిండు. 56 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో స్థానం. పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం, నూర్ మహమ్మద్...

మోడరేటర్: అద్భుతం. పెద్దాయన ఒక చరిత్రే కళ్ల ముందు పెట్టారు.

మాజీ ఆటగాడు: ఇంకా అవ్వలే. బలరాం అమ్ముగూడ పోరడు. సికింద్రాబాద్ గల్లీలల్ల ఆడి ఒలింపిక్స్‌కి పోయిండు. ఇయ్యాల అమ్ముగూడల గ్రౌండ్ చూపియ్యండి నాకు! ఫతే మైదాన్, గదే ఎల్‌బీ స్టేడియం, ఏమయింది? ఎల్‌బీ స్టేడియం అంటే ఫుట్‌బాల్, అట్లుండె. ఇప్పుడు ప్రమాణ స్వీకారం అంటే ఆడనే, సభ అంటే ఆడనే. స్టేజీ కోసం గుంజలు పాతితే గ్రౌండ్ ఏమైతది?

[ఇక్కడి నుంచి దాదాపు ఐదు నిమిషాలు ఎల్‌బీ స్టేడియం సభలు, పార్కింగ్, టాయిలెట్ల మీద నడిచింది. ప్రభుత్వం తరఫున ఎవరినీ పిలవలేదు కాబట్టి జవాబు కూడా లేదు. ఆ భాగం వదిలేశాం.]

మోడరేటర్: కోచ్ గారూ, మీరు ఇందాకటి నుంచి మౌనంగా ఉన్నారు.

కోచ్: అవకాశం రాలేదండీ. సిటీ పోలీస్ గురించి సార్ చెప్పింది నిజం. కానీ ఆ జట్టు ఎలా నిలబడిందో కూడా చెప్పాలి. బాగా ఆడితే ఉద్యోగం ఉండేది. పోలీసు శాఖ, రైల్వే, బ్యాంకులు. పిల్లాడి తండ్రికి ధైర్యం అదే. ఇప్పుడది లేదు. నా దగ్గర పదమూడేళ్ల కుర్రాడున్నాడు. ఎడమ కాలితో ఆడతాడు, బంతి వచ్చేలోపే తల తిప్పి వెనకెవరున్నారో చూసుకుంటాడు. అది నేర్పితే వచ్చేది కాదు. వాడికి ఏడాదికి సరైన పోటీ మ్యాచులు ఎన్నో తెలుసా? చేతి వేళ్లు చాలు లెక్కకి. మిగతాదంతా ప్రాక్టీసు, ఆదివారం టోర్నమెంట్లు. పదో తరగతి రాగానే బూట్లు అటకెక్కుతాయి. ఇంటర్‌కి రెసిడెన్షియల్ కాలేజీ, పొద్దున్నే స్టడీ అవర్. ఆటగాడు తయారయ్యే వయసేమో సరిగ్గా పదిహేను నుంచి పద్దెనిమిది...

మోడరేటర్: అదే క్రికెట్ కోచింగ్ అయితే ఆ తండ్రి పంపేవాడు కదా? ఒప్పుకోండి!

కోచ్: క్రికెట్‌లోనూ అంతేనండీ, పదిలో ఒక్కరు కూడా...

మోడరేటర్: కానీ పంపేవాడు!

కోచ్: నేను చెప్పేది పెద్ద క్లబ్ ఊళ్లో ఉంటే ఏం చేయాలో. పదమూడేళ్లకు, పదిహేనేళ్లకు, పదిహేడేళ్లకు జట్లు పెట్టి, చుట్టుపక్కల అకాడమీలతో వారం వారం ఆడించాలి. పిల్లలను కొనక్కర్లేదు, మ్యాచులిస్తే చాలు. ఆ పని సరిగా జరగలేదు. ఒక్క యజమానిని అని లాభం లేదు, ఫుట్‌బాల్ సంఘం కూడా...

మాజీ ఆటగాడు: సంఘం! ఇప్పుడొచ్చినవ్ అసలు మాటకి! [బల్ల మీద చరుస్తూ] సంఘం మాట నేన్జెప్తా...

అభిమాని: సార్, కోచ్ గారిని చెప్పనియ్యండి. జీతాల సంగతికి జవాబు ఇప్పటిదాకా ఎవ్వరూ...

మాజీ ఆటగాడు: బిడ్డా, మీరు డప్పులు కొట్టిన్రు, జెండాలు ఊపిన్రు, సలాం. కానీ డప్పు కొడితే పోరడు తయారు గాడు.

అభిమాని: డప్పు కొట్టినోళ్లే టికెట్ కొన్నరు సార్! గచ్చిబౌలిల మాకూ గ్రౌండ్‌కూ మధ్యల పరుగు పందెం ట్రాక్ ఉంటది. ఆ దూరం నుంచి బంతి ఎవరి కాల్ల ఉందో సరిగ కనబడదు. అయినా పోయినం. ఓడిపోయే జట్టు కోసం పోయినం. యజమాని వేరే ఊరికి పోయే ముందల మాతోని ఒక్క మాట మాట్లాడాలె గదా?

విశ్లేషకుడు: చట్టప్రకారం అవసరం లేదు.

అభిమాని: చట్టం అడగలేదు నేను.

మోడరేటర్: సరే సరే. శ్రీనిధి డెక్కన్ ఫుట్‌బాల్ క్లబ్ ఉంది కదా మనకి? జనం అక్కడికి పోవచ్చు కదా?

విశ్లేషకుడు: మంచి ఉదాహరణ. ఐఎస్‌ఎల్‌కి కింది మెట్టు అయిన ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 రెండుసార్లూ రెండో స్థానం. అజీజ్‌నగర్‌లో సొంత మైదానం. ఛాంపియన్ అయితేనే పైకి, ఐఎస్‌ఎల్‌కి, అందుకే ఆగిపోయింది. మీడియా ఎన్నిసార్లు చూపించిందో మీరే చెప్పాలి.

మోడరేటర్: [నవ్వు] మా మీదికి తిప్పారు. క్రికెట్ ఉంటే మేమేం చేస్తాం?

కోచ్: ఒక్క మాట. నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య ఇండియాకి ఆడుతోంది. గోకులం కేరళకి ఆడింది, ఈస్ట్ బెంగాల్‌కి ఆడింది. మన దగ్గర ఆమె ఆడేందుకు ఒక పెద్ద జట్టు...

మాజీ ఆటగాడు: మనదే ఆడపిల్ల! చూసిన్రా? నేన్జెప్పిందే ఇది. సరుకు మన దగ్గరుంది, కొనేటోడు వేరే దగ్గరున్నడు. రాష్ట్రాల నడుమ ఆడే సంతోష్ ట్రోఫీ, 56, 57ల హైదరాబాద్‌కి వరుసగా రెండుసార్లు. 65-66ల ఆంధ్రప్రదేశ్‌కి ఒకటి. మళ్ల అయిందా?

మోడరేటర్: కాలేదు. పెద్దాయన మాటలో బలముంది. సమయం అయిపోతోంది, మీరే ముగించండి సార్.

అభిమాని: సమానంగా అన్నరు మీరు!

మోడరేటర్: మీకు మొదటి అవకాశం ఇచ్చానమ్మా.

మాజీ ఆటగాడు: ఢిల్లీకి పోయింది, పోనీ. మనకు పాత లెక్కనే పోలీస్ టీమ్, రైల్వే టీమ్ కావాలె. నౌకరీ ఇయ్యండి, గ్రౌండ్ ఇయ్యండి. కంపెనీలు ఎందుకు?

విశ్లేషకుడు: ఆ నౌకరీలకు డబ్బు ఎక్కణ్నుంచి?

మాజీ ఆటగాడు: నువ్వు లెక్కలు రాస్కో, నేను ఆట చెప్తున్న!

మోడరేటర్: మొత్తానికి క్రికెట్ మాయలో పడి మనం ఒక క్లబ్‌ని పోగొట్టుకున్నామని తేలింది...

అభిమాని: ఎవరన్నరు సార్ ఆ మాట? ఇక్కడ ఎవ్వరూ అనలేదు.

కోచ్: నేనైతే అనలేదండీ.

మోడరేటర్: చిన్న విరామం తర్వాత ఉప్పల్ నుంచి తాజా వివరాలు.

మాజీ ఆటగాడు: సంఘం ముచ్చట మిగిలింది, ఆగండి, కెమెరా ఇటు...