శ్రీకాకుళం రోడ్డు మీద ఈక్యూఎస్: గాలి కోసం చెక్కిన కారు

[తెర మీద: కారు పక్క నుంచి. ముందు బంపర్ నుంచి డిక్కీ దాకా ఒకే వంపు.]

ఈ వంపు చూడండి. బానెట్ ఎక్కడ అయిపోయింది, టాప్ ఎక్కడ మొదలైంది అని వేలు పెట్టి చూపలేం. 2021 ఏప్రిల్‌లో మెర్సిడెస్ తన ఎలక్ట్రిక్ కారు ఈక్యూఎస్‌ను బయటపెట్టినప్పుడు గాలి నిరోధక గుణకం (ఆకారానికి గాలి ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మేలు) 0.20 అని చెప్పింది. ఈ కారుకొచ్చిన మెప్పు, పడ్డ మాటలు రెండూ చాలావరకు ఈ వంపులోంచే పుట్టాయి.

వేగం 80 నుంచి 100కి పెంచితే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. ఈ ఆకారం పుణ్యమా అని 100 వేగంలోనూ గాలిని చీల్చడానికి వంద కిలోమీటర్లకు సుమారు ఆరున్నర యూనిట్లు సరిపోతాయి. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే, అదే కిలోవాట్ అవర్. 2022లో పుణె దగ్గర చకన్‌లో బిగించి మన మార్కెట్లోకి వదిలిన 580 మోడల్‌ బ్యాటరీ 107.8 యూనిట్లు, మన దేశంలో బండ్లను పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ లెక్కలో ఒక్క చార్జికి 857 కిలోమీటర్లు.

ఆ అంకె నమ్ముకుని ఇచ్ఛాపురంలో బయల్దేరకండి. రెండున్నర టన్నుల బండి, మే నెల ఏసీ, హైవే వేగం. వందకు 20 యూనిట్లు వేసుకుంటే 500 పైచిలుకు వస్తుంది. శ్రీకాకుళం నుంచి విశాఖకు రెండుసార్లు వెళ్లిరావడానికి అది చాలు.

[తెర మీద: వెనక సీటు, మోకాళ్ల దగ్గరగా.]

ఇక్కడే అసలు పేచీ. కోటిన్నర పెట్టేవాళ్లు మన దగ్గర ఎక్కువగా వెనకే కూర్చుంటారు. బ్యాటరీ నేల కింద ఉంది కాబట్టి నేల ఎత్తు పెరిగింది. గాలి కోసం టాప్‌ను వెనక్కి వంచారు కాబట్టి సీటును పైకి లేపే వీల్లేదు. దాంతో మోకాళ్లు పైకి లేచి, తొడల కింద ఆసరా తగ్గుతుంది. మెర్సిడెస్‌దే ఇంజిన్ కారు ఎస్-క్లాస్ వెనక సీటు సుఖం ఇందులో లేదని సమీక్షకులు అన్నది న్యాయమైన మాటే. ముఖం సబ్బుబిళ్లలా ఉందన్న మాట కూడా కంపెనీ చెవిన పడింది. 2024లో గ్రిల్‌కు గీతలు, బానెట్ మీద నిలువు నక్షత్రం, 118 యూనిట్ల బ్యాటరీ వచ్చాయి.

బానెట్ మాత్రం మీరు తెరిచేది కాదు, అది సర్వీసు వాళ్ల పని. వైపర్ నీళ్లు ఎడమ పక్క ముందు రెక్క (ఫెండర్) మీదున్న చిన్న మూతలోంచి పోయాలి.

స్పీడ్ బ్రేకర్ల సంగతి. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 3.2 మీటర్లు, అంత పొడుగు బండికి నడుమే ముందు తగులుతుంది. ఊళ్లోకి తిరిగే ముందే బటన్ నొక్కి 25 మిల్లీమీటర్లు లేపండి. వేగం పెరిగితే మళ్లీ దిగిపోతుంది.

[తెర మీద: గోడకు బిగించిన చార్జర్, పక్కన ఎర్త్ గుంట.]

200 కిలోవాట్ల చార్జర్ దొరికితే 10 నుంచి 80 శాతానికి 31 నిమిషాలు. 60 కిలోవాట్ల దగ్గరైతే గంటంబావు పైనే. అదే చార్జర్ రెండో గన్‌కు (బండికి తగిలించే ప్లగ్‌కు) ఇంకో బండి తగిలించి, చార్జర్ కరెంటును చెరిసగం పంచితే రెండున్నర గంటలు. అందుకే ఇంటి చార్జింగే ఆధారం. 11 కిలోవాట్లకు త్రీ ఫేజ్ కావాలి, ఇక్కడి కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌లో లోడ్ పెంచమని ముందే దరఖాస్తు పెట్టుకోండి. మామూలు ప్లగ్‌లో పెడితే రెండు రోజులకు గానీ నిండదు.

రాత్రి చార్జింగ్ మధ్యలో ఆగిపోతోందంటే కారును అనుమానించే ముందు ఎర్త్ చూడండి. ఎర్త్ సరిగా లేదని పసిగడితే చార్జర్ తనంతట తానే ఆపేస్తుంది. కళింగపట్నం, భావనపాడు వైపు ఇసుక నేల ఎండాకాలంలో ఆరిపోయి కరెంటును నేలలోకి పోనివ్వదు. గుంటలో బొగ్గు, ఉప్పు పొరలుగా వేయించి, ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టి ఎర్త్ నిరోధం కొలిపించి, దాన్ని 5 ఓమ్‌ల లోపుకు తెప్పించండి. ఏప్రిల్, మే నెలల్లో ఆ గుంటలో వారానికి రెండుసార్లు బిందెడు నీళ్లు పోయండి.