మూడో గురి

కూర్చోండమ్మా, అందరూ కూర్చోండి. 1971లో నేను చూసిన యుద్ధం గురించి చెప్పమని పిలిచారు గానీ, ఇవాళ దానికి ఆరేళ్ల ముందు పాకిస్తాన్‌తో యుద్ధంలో పోయిన సైనికుడు అబ్దుల్ హమీద్ గారి గురించి చెప్తాను. ఆయన చివరిసారి పేల్చిన, ట్యాంకుల్ని కొట్టే 106 ఎంఎం రికాయిల్‌లెస్ గన్‌ లాంటిదాని మీదే నేనూ పనిచేశాను.

జీపు మీద పొడవాటి గొట్టం, అంతే. పైన కప్పు లేదు, చుట్టూ కవచం లేదు. పేల్చగానే వెనక నుంచి మంట కొట్టి పొలంలో దుమ్ము లేస్తుంది, ఇక మనం ఎక్కడున్నామో అవతలివాడికి తెలిసిపోయినట్టే. అందుకే మా ఉస్తాద్ మొదటిరోజే చెప్పారు, కొట్టగానే కదలమని.

హమీద్ గారిది ఉత్తరప్రదేశ్‌లో ఘాజీపూర్ జిల్లా ధాముపూర్, దర్జీ కుటుంబం. 4 గ్రెనేడియర్స్ అనే పటాలంలో క్వార్టర్‌మాస్టర్ హవల్దార్, అంటే రేషన్లు, సామాన్లు చూసుకునే పని, అయినా ఆ గన్ మీద బాగా చెయ్యి తిరిగిన మనిషి. 1965 సెప్టెంబర్ 10 పొద్దున ఎనిమిదింటికి పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ సెక్టార్‌లో చీమా ఊరి ముందు పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు విరుచుకుపడ్డాయి, తొమ్మిదింటికల్లా ముందు వరసలో ఉన్న మన దళాల్లోకి వచ్చేశాయి. ఆయన జీపును పక్కకు తీసుకెళ్లి మొదటి ట్యాంకును కొట్టారు. చోటు మార్చి ఇంకోదాన్ని తగలబెట్టారు. అప్పటికి ఆయన్ని కనిపెట్టేశారు, మెషిన్ గన్లు, షెల్స్ అన్నీ ఆ జీపు మీదికే.

మొత్తం ఎన్ని ట్యాంకులు అని జనం ఇప్పటికీ వాదించుకుంటారు, నాకు ఆ లెక్క పట్టదు. నా మనసు ఆగిపోయేది ఆ తర్వాతి గురి దగ్గరే. ఆ గన్‌కు పైన చిన్న రైఫిల్ ఉంటుంది, ముందు దాంతో పేల్చి, మెరిసే గుండు ఎక్కడ తగిలిందో చూసి సరిచేసుకున్నాకే పెద్దది పేల్చాలి. ఆ కాసేపు జీపు ఆగి ఉండాలి, కన్ను గురి మీద నుంచి తియ్యకూడదు. తన మీద అంత నిప్పు కురుస్తుంటే ఆయన ఇంకో ట్యాంకు మీద గురిపెట్టి కొడుతూనే ఉన్నారు. అప్పుడే షెల్ తగిలింది. ముప్ఫై రెండేళ్లు.

1966 జనవరి 26న ఆయన భార్య రసూలన్ బీబీ గారు రాష్ట్రపతి రాధాకృష్ణన్ గారి చేతుల మీదుగా పరమవీర చక్ర అందుకున్నారు.

సమాధి ఆ యుద్ధం జరిగిన చోటే, అసల్ ఉత్తర్ అనే ఊళ్లో ఉంది. వెళ్లాను. అలవాటు కొద్దీ, జీపు ఎక్కడ పెట్టుకోవచ్చా అని చుట్టూ చూశాను. అంతా చదును నేల, ఒక్క మిట్ట కూడా లేదు. దాక్కోవడానికి పంట చాటు తప్ప ఏమీ లేదు.