కొట్లో దొరకని గేజి

శ్రోతలకు నమస్కారం.

మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. చెన్నైలో రైలింజన్ నమూనా చేయాలని సరదా పడ్డవాడు చివరికి ఇంట్లో లోహాన్ని తిప్పుతూ కోసే లేత్ మిషన్ పెట్టుకునేది ఈ ఒక్క అంకె వల్లే.

ఐదడుగుల ఆరంగుళాల ఈ వెడల్పు గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో ఖాయమైంది. 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డుకి వెళ్లిన రైలు, దక్షిణాదిలో మొట్టమొదటి ప్రయాణికుల రైలు, ఈ గేజి మీదే నడిచింది. అదే వెడల్పు పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంకల్లోనూ, ఎక్కడో అర్జెంటీనాలోనూ ఉంది. కానీ నమూనా రైళ్లు తయారుచేసే కంపెనీలున్న ఐరోపా, అమెరికాల్లో ఎక్కువగా పరిచయమైనది 1435 మిల్లీమీటర్ల గేజి. దాన్ని 87 వంతుల్లో ఒక వంతుకి తగ్గిస్తే 16.5 మిల్లీమీటర్లు వస్తుంది. ప్రపంచంలో ఎక్కువమంది వాడే హెచ్‌ఓ స్కేలు ఇదే. పట్టాలు, చక్రాలు, ఇరుసులు అన్నీ ఆ కొలతకే దొరుకుతాయి. మన గేజిని అదే లెక్కన తగ్గిస్తే పందొమ్మిదింపావు. ఆ కొలతకి రెడీమేడ్ చక్రం మామూలు కొట్లో దొరకదు.

సర్దుకుపోయేవాళ్లు మన ఇంజన్ బాడీనే 16.5 పట్టా మీద కూర్చోబెడతారు. పక్కనుంచి చూస్తే తేడా తెలియదు. ముందునుంచి చూస్తే మాత్రం ఆ భారీ శరీరం కింద కాళ్లు దగ్గర పెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. అసలు లెక్కలో 24 సెంటీమీటర్ల కోత అది. పిల్లలు ఆడుకోవడానికైతే ఏ ఇబ్బందీ లేదు. రోజూ సెంట్రల్ స్టేషన్లో ఇంజన్ మొహం చూసేవాడి కంటికి మాత్రం ఒప్పదు, నా కంటికైతే అసలే ఒప్పదు. బ్రిటన్‌లో అసలు అడుగుని నాలుగు మిల్లీమీటర్లుగా చూపే స్కేలువాళ్లకీ ఇదే తగాదా. వాళ్ల ఇంజన్లూ 16.5 పట్టా మీదే ఇరుగ్గా నడిచేవి. 1960ల్లో కొందరు పట్టుబట్టి 18.83 మిల్లీమీటర్ల ప్రమాణం తెచ్చుకున్నారు. మనకి ఆ పాటి ఏర్పాటు కూడా లేదు కాబట్టి ఎవరి చక్రం వాళ్లే తిప్పుకోవాలి.

చక్రం అంటే గుండ్రటి బిళ్ల కాదు. పట్టా లోపలి అంచుని పట్టుకుని నడిచే అంచుని రైల్వేవాళ్లు ఫ్లేంజి అంటారు. అసలు బండిలో దాని ఎత్తు 28.5 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే మిల్లీమీటరులో మూడోవంతు. కొట్లో దొరికే మామూలు హెచ్‌ఓ చక్రానికి అది దాదాపు రెట్టింపు. చక్రం మందం కూడా అంతే. అసలుది 127 మిల్లీమీటర్లు, నమూనాలో ఒకటిన్నర ఉండాలి. కొట్లోది 2.79 ఉంటుంది. ఆ మందం పెరిగితే ఆవిరి ఇంజన్లో చక్రానికి బయట ఉండే రాడ్లు బయటికి జరుగుతాయి, రాడ్ల బయట ఉండే సిలిండర్లు ఇంకా బయటికి జరుగుతాయి. చివరికి ప్లాట్‌ఫారం అంచు కూడా వెనక్కి జరపాల్సి వస్తుంది. ఒక్క మిల్లీమీటరుతో మొదలైన తప్పు బొమ్మంతా పాకుతుంది.

ఇక లేత్ సంగతి. బల్ల మీద పట్టే మినీ లేత్ సుమారు 40 కిలోలు ఉంటుంది. ఇంటి కరెంటుతోనే నడుస్తుంది. ఫ్లాట్‌లో అయితే బాల్కనీ కంటే లోపలి గది మేలు. చెన్నై గాలిలో ఉప్పు, తడి రెండూ ఉన్నాయి. సాయంత్రం తుడవకుండా వదిలేస్తే లేత్ బెడ్ మీద తెల్లారేసరికి ఎర్రటి మచ్చలు కనిపిస్తాయి. పని అయ్యాక పల్చగా ఆయిల్ రాసి గుడ్డ కప్పాలి. పనిముట్ల పెట్టెలో కర్పూరం బిళ్ల వేసి ఉంచడం పాతకాలపు మెషినిస్టుల అలవాటు, మన ఇళ్లలో దానికి కొదవ లేదు. కింది ఇంటివాళ్లతో గొడవ రాకుండా లేత్ కింద మందమైన రబ్బరు షీటు వేయండి. రాత్రి తొమ్మిది దాటాక ఆకురాయి పని మాత్రమే పెట్టుకోండి.

సరుకుకి ఊళ్లో లోటు లేదు. పారిస్ కార్నర్ చుట్టుపక్కల హార్డ్‌వేర్ సందుల్లో ఇత్తడి రేకు, కమ్మీలు, సన్నటి డ్రిల్ బిట్లు అడిగితే తీసిస్తారు. అంబత్తూరు, గిండి ఎస్టేట్లలో ఉక్కు కోతముక్కలు కిలో లెక్కన దొరుకుతాయి. మోటార్లకి, వైర్లకి రిచీ స్ట్రీట్ ఉండనే ఉంది. సర్క్యూట్ బోర్డులు చెక్కడానికి అక్కడ అమ్మే ఫెర్రిక్ క్లోరైడ్ పావు మిల్లీమీటరు ఇత్తడి రేకుని కూడా తింటుంది. కిటికీ చట్రాలు, మెట్లు, జాలీలు కత్తెరతో కాకుండా ఆ ద్రావణంతోనే చెక్కుకోవచ్చు. చేతులకి గ్లౌజులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. వాడేసిన ద్రావణాన్ని సింకులో పోయకూడదు.

చక్రం తిప్పే పద్ధతి చెబుతాను. ఫ్లేంజి వంపు చేత్తో రాదు. ముందు ఆ వంపుకే సానపట్టిన టూల్ ఒకటి తయారు చేసుకోవాలి. అన్ని చక్రాలూ ఆ ఒక్క టూల్‌తోనే కోయాలి. టూల్‌లో చిన్న లోపం ఉన్నా అది అన్ని చక్రాలకీ సమానంగా పడుతుంది కాబట్టి బండి వంకరగా నడవదు. కోసిన వెంటనే వేడి మీద కొలవకండి, లోహం వేడికి సాగుతుంది. చల్లారాక మైక్రోమీటర్ పెట్టండి. ఇంకో సంగతి, రెండు పట్టాల్లోనూ కరెంటు ఉంటుంది. ఉక్కు చక్రాలు రెండూ ఉక్కు ఇరుసుకే తగిలితే షార్టే. అందుకని కనీసం ఒక వైపు చక్రానికి మధ్యలో కరెంటు పారని నైలాన్ బుష్ వేస్తారు. కొందరు చక్రం ఆకుల (స్పోకుల) భాగమంతా రెజిన్‌లో త్రీడీ ప్రింట్ తీసి, దాని చుట్టూ ఉక్కు టైరు మాత్రం లేత్ మీద తిప్పి తొడుగుతున్నారు. ఆవిరి ఇంజన్ చక్రాలకి అది చాలా నయం, అన్ని ఆకులు చేత్తో కోసే ఓపిక ఎవరికుంది?

అసలు పరీక్ష రాడ్ల దగ్గర. ఆవిరి ఇంజన్లో పెద్ద చక్రాలన్నిటినీ కలిపే కడ్డీని కప్లింగ్ రాడ్ అంటారు. రాడ్‌లో రంధ్రాల మధ్య దూరం, ఫ్రేమ్‌లో ఇరుసుల మధ్య దూరం ఒకటే కావాలి. తేడా వస్తే ఇంజన్ ప్రతి చుట్టుకీ ఒకసారి పట్టేస్తుంది. ఇక్కడ అనుభవజ్ఞులు కొలత మీద నమ్మకం పెట్టుకోరు. ఫ్రేమ్ రేకులు రెండూ, రాడ్ రేకులు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి టంకంతో అతికించేస్తారు. నాలుగిటికీ కలిపి ఒకేసారి డ్రిల్ వేసి, తర్వాత వేడిచేసి విడదీస్తారు. రంధ్రం వెంట్రుకవాసి పక్కకి పోయినా నాలుగింట్లోనూ పోతుంది, చక్రాలు హాయిగా తిరుగుతాయి.

ఎడమ, కుడి చక్రాల క్రాంకుల (రాడ్ తగిలించే పిన్నుల) మధ్య 90 డిగ్రీలు ఉండాలన్న నియమం కూడా అలాంటిదే. అసలు ఇంజన్లో రెండు పిస్టన్లూ ఒకేసారి చివరికి చేరి ఆగిపోకుండా ఆ ఏర్పాటు. నమూనాని నడిపేది మోటారు కాబట్టి 90కి బదులు 89 ఉన్నా నడుస్తుంది. అన్ని ఇరుసులకీ అదే 89 ఉండాలి, అంతే. దానికి చక్రాలని ఒకే కోణంలో పట్టి ఉంచే చిన్న చట్రం, అంటే జిగ్, చేసుకుని, చక్రాలన్నీ అందులోనే పెట్టి నొక్కుతారు.

మోటారు, గేర్ల లెక్క సులువు. డబ్ల్యూపీ ఇంజన్ తీసుకుందాం. 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి దిగిన, ముక్కు మీద నక్షత్రం ఉండే ఇంజన్. దాని పెద్ద చక్రం వ్యాసం 1702 మిల్లీమీటర్లు, నమూనాలో పందొమ్మిదిన్నర. గంటకి వంద కిలోమీటర్ల వేగాన్ని 87తో భాగిస్తే సెకనుకి 32 సెంటీమీటర్లు. ఆ వేగానికి చక్రం నిమిషానికి 310 చుట్లు తిరగాలి. మోటారు పదివేలు తిరిగేదైతే ముప్పైరెండుకి ఒకటి గేరు సరిపోతుంది. చాలామంది నలభై వేస్తారు, నేనూ అదే చెబుతాను. పరుగెత్తించడం ఏ బొమ్మకైనా చేతనవుతుంది. మనిషి నడకంత వేగంలో, అంటే సెకనుకి ఒకటిన్నర సెంటీమీటర్లు, ఆగకుండా పాకే ఇంజన్ని చూస్తే చేసినవాడి పనితనం తెలుస్తుంది.

అన్నీ మాత్రం 87 వంతులకి తగ్గవు. వంద టన్నుల ఇంజన్ బరువు పొడవు, వెడల్పు, ఎత్తు మూడిట్లోనూ తగ్గి సుమారు 150 గ్రాములకి వస్తుంది. కానీ ఆ బరువుతో చక్రం పట్టాని గట్టిగా తాకదు, కరెంటు సరిగా అందదు. అందుకే బాయిలర్ లోపల సీసం నింపుతారు. డబ్ల్యూపీ ముక్కుని రేకుతో కాకుండా నిండు ఇత్తడి కమ్మీలోంచి తిప్పేస్తే బరువూ కలిసొస్తుంది, మెరుపూ వస్తుంది. బ్రష్‌తో మందంగా రంగు వేస్తే పూత పదోవంతు మిల్లీమీటరు ఉంటుంది. అసలు ఇంజన్ మీద అది తొమ్మిది మిల్లీమీటర్ల పూత! రేకు వెనకనుంచి మొండి సూదితో ఎంతో ఓపికగా గుచ్చి తెచ్చిన రివెట్లు దానికింద మాయమైపోతాయి. గాలితో రంగుని పల్చగా చిమ్మే ఎయిర్‌బ్రష్ కొనడానికి వెనకాడవద్దు.

కొలతలకి పెరంబూరు వైపు వెళ్లండి. 1855లో లీడ్స్‌లో పుట్టిన ఫెయిరీ క్వీన్‌ని మళ్లీ నడిచేలా చేసింది పెరంబూరు లోకో వర్క్స్‌వాళ్లే. అక్కడికి దగ్గర్లోనే ఐసీఎఫ్ రైలు మ్యూజియంలో పాత ఇంజన్లు, పెట్టెలు ఆరుబయటే ఉన్నాయి. కెమెరా, టేపు, ఒక మీటరు కర్ర తీసుకెళ్లండి. ఫోటోలో కర్ర కూడా పడేలా చూసుకుంటే ఇంటికొచ్చాక ఏ భాగం ఎంతో లెక్క తేల్చుకోవచ్చు. టేపు పెట్టేముందు అక్కడి సిబ్బందిని ఒక మాట అడగండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇంజన్ జోలికి వెళ్లకండి. నాలుగు చక్రాల గూడ్సు పెట్టె ఒకటి చేయండి. దానికి రాడ్లు లేవు, మోటారు లేదు. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు, ఒక పెట్టె. కాస్త ఎత్తుపల్లాలున్న పట్టా మీద తోసినప్పుడు నాలుగు చక్రాలూ ఆనేలా ఒక ఇరుసుని మధ్యలో కీలు మీద ఊగేట్టు పెట్టండి. అది పట్టా తప్పకుండా మలుపు తిరిగాక డబ్ల్యూపీ డ్రాయింగ్ తెరవండి.

నమస్కారం.